పెద్ద కుండీ కొన్నారు, చిన్న కుండీలోకి మార్చాం: ఒక జేడ్ మొక్క కేసు

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో బాల్కనీ మొక్కల పని చేసేవాళ్లకి జూలై, ఆగస్టు నెలల్లో ఒకే రకం ఫోన్లు వస్తాయి. "జేడ్ ఆకులు రాలిపోతున్నాయి, కుండీ మార్చాలేమో, ఒకసారి వచ్చి చూస్తారా?" అని. ఎక్కువసార్లు కుండీ మార్చే అవసరమే ఉండదు, నీళ్లు ఆపితే చాలు. ఇంకొన్నిసార్లు మార్చాల్సిందే కానీ అప్పుడు కాదు, వానలు తగ్గేదాకా ఆగాలి. ఈ కేసు ఆ రెండు రకాల్లోకీ రాదు. మామూలుగా నేను వద్దని చెప్పే రోజుల్లోనే మార్చాల్సి వచ్చింది. అదీ ఇంటివాళ్లు కొని సిద్ధంగా పెట్టుకున్న పెద్ద కుండీలోకి కాదు, పాతదానికన్నా చిన్నదాంట్లోకి. అదే బాల్కనీలో ఒక కలబందకి నిజంగానే చోటు చాలక కుండీ ఉబ్బిపోయి ఉంది. దాన్ని మాత్రం ముట్టుకోలేదు.

మొక్క, ఇల్లు

కూకట్‌పల్లి వైపు ఐదో అంతస్తు ఫ్లాట్. తూర్పు బాల్కనీ. ఉదయం పదిన్నర దాకా ఎండ పడుతుంది, తర్వాత వెలుతురు మాత్రమే. పైన స్లాబు ఉన్నా గాలివాన వచ్చిందంటే జల్లు సగం బాల్కనీ దాకా కొడుతుంది.

మొక్క క్రాసులా ఒవాటా, అంటే అసలు జేడ్. అసలు అని ఎందుకు అంటున్నానంటే మన నర్సరీల్లో జేడ్ పేరుతో అమ్మేది చాలాసార్లు పోర్చులకేరియా ఆఫ్రా. దాని ఆకు చిన్నగా గోరంత ఉంటుంది, లేత కాండం ఎర్రటి గోధుమరంగులో ఉంటుంది. క్రాసులా ఆకు పెద్దది, దళసరిది, కాండం ముదిరేకొద్దీ బూడిదరంగుకి తిరుగుతుంది. రెండూ దక్షిణాఫ్రికా ప్రాంతానివే అయినా మన ఎండకి పోర్చులకేరియా బాగా తట్టుకుంటుంది, నీళ్లు కాస్త ఎక్కువైనా సర్దుకుంటుంది. క్రాసులాకి అంత ఓపిక లేదు. మే నెలలో రాత్రిళ్లు కూడా వేడి దిగకపోతే ఎదుగుదల దాదాపు ఆపేస్తుంది. దీనికి శాస్త్రీయమైన కారణం ఉంది. ఈ కుటుంబం మొక్కలు పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి పీల్చుకుంటాయి. కాబట్టి నీటి ఖర్చు చాలా తక్కువ. పక్కన ఉన్న తులసి తాగినన్ని నీళ్లు దీనికీ పోస్తే అవి మట్టిలోనే ఉండిపోతాయి.

ఇంటావిడ రిటైరైన టీచరు. ఆరేళ్ల క్రితం గృహప్రవేశానికి బంధువులు ఇచ్చిన మొక్క ఇది. అప్పుడే నల్ల పాలిథీన్ కవరు లోంచి తీసి 8 అంగుళాల పింగాణీ కుండీలో పెట్టారు. మళ్లీ ఎప్పుడూ కదపలేదు. దాదాపు రెండడుగుల ఎత్తు, గుబురు కొమ్మలు, చూడ్డానికి ఆ కుండీకి మొక్క చాలా పెద్దది. జూన్ నెలాఖరు నుంచి ఆకులు ముడతలు పడటం, చేయి తగిలితే రాలిపోవటం మొదలైంది. నర్సరీలో అడిగితే "వేళ్లు బిగుసుకుపోయుంటాయి, పెద్ద కుండీలోకి మార్చండి" అన్నారట. ఆవిడ వెంటనే 14 అంగుళాల కుండీ, ఒక బస్తా ఎర్రమట్టి, వర్మీకంపోస్టు తెప్పించి పెట్టారు. నాతో అన్నది ఒకటే మాట: "అన్నీ ఉన్నాయి బాబూ, మీరు వచ్చి మార్చి పెడితే చాలు."

చూసినవి

జేడ్ ఆకు ముడత పడటానికి సాధారణంగా మూడు కారణాలు కనిపిస్తాయి. దాహం, చచ్చిపోయిన వేళ్లు, కుండీ నిండా వేళ్లు అల్లుకుపోయి నీరు నిలిచే మట్టే మిగలకపోవటం. పైకి మూడూ ఒకేలా ఉంటాయి. అందుకే ఆకుని చూసి ఏమీ తేల్చను. చీపురుపుల్ల ఒకటి తీసుకుని కుండీ అడుగుదాకా గుచ్చి పావుగంట ఉంచుతాను. పొడిగా వచ్చి, ఆకు మెత్తగా ముడతలు పడి ఉంటే దాహం. ఒక్కసారి కడుపు నిండా నీళ్లు పోస్తే రెండు మూడు రోజుల్లో ఆకు బిగుస్తుంది. పుల్ల తడిగా, మట్టి అంటుకుని వచ్చి, ఆకు మాత్రం ముడతలు పడి ఉంటే పరిస్థితి వేరు. నీళ్లు ఉన్నా మొక్క తాగలేకపోతోందని అర్థం. పుల్ల సగంలోనే ఆగిపోయి దిగనంటే అక్కడ వేళ్ల ముద్ద ఉండొచ్చు, లేదా గట్టిపడ్డ మట్టి ఉండొచ్చు.

ఇక్కడ పుల్ల పైన రెండంగుళాలు గట్టిగా అడ్డుకుంది, తర్వాత మెత్తగా దిగిపోయింది. బయటికి తీస్తే కింది సగం నల్లగా తడిసి, మురుగు వాసన. ఆ వాసన వచ్చాక ఇంక వేరే పరీక్షలు పెద్దగా అక్కర్లేదు కానీ మిగతావి కూడా చూశాను. కుండీ అడుగు రంధ్రం లోంచి ఒక్క వేరూ బయటికి రాలేదు. కాండం మొదలు పట్టుకుని మెల్లగా ఊపితే మొక్క మొత్తం కదిలింది. వేళ్లు నిండిన కుండీలో మొక్క అలా కదలదు, మట్టితో సహా కుండీయే లేస్తుంది. మట్టి పైన తెల్లటి పొర, కుండీ అంచు చుట్టూ కూడా అదే తెలుపు.

ఆ తెలుపు గురించి అడిగితే నీళ్ల సంగతి బయటపడింది. రోజు విడిచి రోజు ఒక గ్లాసు. ఆ గ్లాసు ఆర్వో ఫిల్టరు వదిలేసే నీళ్లది. నీళ్లు వృథా కాకూడదని బకెట్లో పట్టి మొక్కలకి పోస్తున్నారు. ఉద్దేశం మంచిదే, చాలా ఇళ్లలో చేస్తారు. కానీ ఫిల్టరు తాగే నీటి నుంచి తీసేసిన లవణాలన్నీ ఆ వదిలేసిన నీళ్లలోనే చేరతాయి. బోరు నీళ్లు అసలే గట్టివి, వాటి ఆర్వో వృథా ఇంకా గట్టిది. బాత్రూమ్ కడగటానికి వాడొచ్చు. కుండీ మొక్కలకి, అందులోనూ కొంచెం కొంచెంగా పోసే సక్యులెంట్లకి, అంటే జేడ్, కలబంద లాగా ఆకుల్లో నీళ్లు దాచుకునే మొక్కలకి, వద్దు. నీళ్లు పైనుంచి కిందికి పూర్తిగా కారిపోతే పాత ఉప్పు కొంతయినా కొట్టుకుపోతుంది. గ్లాసు నీళ్లకి కారేది ఏమీ ఉండదు, నీరు ఆవిరవుతుంది, ఉప్పు మిగులుతుంది. ఉప్పు పేరుకున్న మట్టిలో నీళ్లున్నా వేరు పీల్చుకోవటం కష్టం.

కాబట్టి నా అంచనా ఇది: వేళ్లు ఎక్కువై కాదు, తక్కువై ఆకులు ముడుచుకుంటున్నాయి. ఇలాంటి మొక్కని 14 అంగుళాల కుండీలో పెడితే ఏమవుతుందో లెక్క వేసి చూపించాను. ఒకే ఆకారం కుండీ అయితే 8 నుంచి 14 అంగుళాలకి వెళ్లినప్పుడు మట్టి రెట్టింపు కాదు, ఐదు రెట్లు దాటుతుంది. ఆ మట్టి పట్టుకున్న నీళ్లని తాగటానికి ఇక్కడ గుప్పెడు వేళ్లు కూడా ఉన్నాయో లేవో. వానాకాలంలో ఆ కుండీ వారాల తరబడి ఆరదు. సక్యులెంట్‌కి కుండీ కొలత కొమ్మల్ని బట్టి కాదు, వేళ్ల ముద్దని బట్టి తీసుకోవాలి. వేళ్ల చుట్టూ ఒక అంగుళం ఖాళీ ఉంటే సరిపోతుంది.

ఆగాలా, ఇప్పుడే చెయ్యాలా

నా మామూలు పద్ధతి ఏమిటంటే హైదరాబాద్‌లో సక్యులెంట్ల కుండీ మార్చే పని జనవరి చివర నుంచి మార్చి మొదటి సగం లోపు పెట్టుకుంటాను. లేదంటే అక్టోబరు నెల మధ్య నుంచి నవంబరు దాకా. ఆ రోజుల్లో గాలి పొడిగా ఉంటుంది, తెగిన వేళ్లు త్వరగా ఆరతాయి, మొక్క కూడా కొత్త వేళ్లు వేసే ఊపులో ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మొక్క ఎండకే అలసిపోయి ఉంటుంది. జూన్ రెండోవారం తర్వాత గాలిలో తేమ ఎక్కువ. కోసిన చోట తడి ఆరకముందే బూజు పట్టే ప్రమాదం ఉంది. తీరం వైపు విశాఖ, కాకినాడల్లో ఆ తేమ చాలా నెలలు ఉంటుంది, అక్కడివాళ్లకి నేను జనవరి, ఫిబ్రవరి నెలలే చెబుతాను.

ఆ లెక్కన ఇది ఆగాల్సిన సమయం. కానీ ఆగటం అనేది బాగున్న మొక్క విషయంలో మాట. వేరు కుళ్లు అక్టోబరు దాకా ఆగదు. కుళ్లు ఇంకా వేళ్లలోనే ఉందా, కాండంలోకి ఎక్కిందా అన్నది తెలియాలన్నా మొక్కని బయటికి తీయాల్సిందే. కాండం మొదలు నొక్కి చూస్తే ఒక పక్క గట్టిగా, ఇంకో పక్క కొంచెం లొత్తగా అనిపించింది. రెండు వారాలు గడిస్తే కొమ్మలు మాత్రమే మిగిలేవి.

ఇంటావిడ ఒప్పుకున్నారు కానీ రోజు దగ్గర పేచీ వచ్చింది. నేను శుక్రవారం ఖాళీగా ఉన్నాను. "శ్రావణ శుక్రవారం పూట లక్ష్మి మొక్కని కొయ్యటమేంటి బాబూ?" అన్నారు. ఒక్క రోజులో కొంపలు మునిగేది లేదు కాబట్టి శనివారం పెట్టుకున్నాం. ఈలోగా నీళ్లు పూర్తిగా ఆపి, మొక్కని జల్లు తగలని చోటికి జరిపించాను. అసలు ఏ సక్యులెంట్‌కైనా కుండీ మార్చే ముందు వారం పాటు నీళ్లు ఆపటం మంచిది. పొడి మట్టి వేళ్ల నుంచి తేలిగ్గా విడిపోతుంది, వేళ్లు తక్కువ తెగుతాయి.

బయటికి తీసినప్పుడు

ఆ పింగాణీ కుండీ నడుము దగ్గర వెడల్పు, మూతి దగ్గర ఇరుకు. చూడటానికి అందంగా ఉంటుంది, మొక్క బయటికి తీయాలంటే నరకం. వేళ్లు నిజంగా నిండి ఉంటే కుండీ పగలగొట్టడం తప్ప దారి ఉండేది కాదు. ఇక్కడ వేళ్లు లేకపోవటం కలిసొచ్చింది. పాత గోనెసంచి పరిచి, కుండీని పక్కకి పడుకోబెట్టి, హ్యాక్సా బ్లేడుతో లోపలి గోడ చుట్టూ మట్టి వదులు చేశాను. కాండం పట్టుకుని లాగకూడదు. కుండీని తిప్పుతూ తడితే మట్టే జారింది.

లోపల మూడు పొరలు. బయటివైపు ఎర్రమట్టి, పైన ఎండి ఇటుకలా గట్టిపడి, కింద బురద. మధ్యలో ఆరేళ్ల నాటి నర్సరీ ముద్ద అలాగే ఉంది, నల్లటి ఒండ్రుమట్టి. గోదావరి ప్రాంతంలో నర్సరీలకి పేరుపడ్డ కడియం వైపు నుంచి వచ్చే మొక్కలు చాలావరకు ఇలాంటి ముద్దతోనే వస్తాయి. లారీలో దూరం ప్రయాణం చెయ్యటానికి ఆ మట్టి బాగుంటుంది, వేళ్లు చెదరవు. గోదావరి నేలలో పెరిగే మొక్కకి మంచిదే. కానీ సక్యులెంట్‌ని ఇంట్లో కుండీలో పెట్టేటప్పుడు ఆ ముద్ద విడదీయకపోతే మధ్యలో ఒక రకం, చుట్టూ ఒక రకం మట్టి ఉండి నీరు రెండింటిలో రెండు రకాలుగా నిలుస్తుంది. ముద్ద చుట్టూ కవరు ముక్క కూడా సగం మిగిలి ఉంది.

అట్టడుగున రెండంగుళాల మేర రంగురాళ్లు. నీళ్లు బాగా కారిపోతాయని వేస్తారు. నేను వెళ్లే ఇళ్లలో సగానికి పైగా కుండీల్లో ఇవి ఉంటాయి, వద్దని చెబితే ఎవరూ ఒక పట్టాన నమ్మరు. సన్నటి మట్టి నీటిని గట్టిగా పట్టుకుంటుంది. కింద పెద్ద ఖాళీలున్న రాళ్లు వచ్చినా మట్టి అడుగు భాగం పూర్తిగా నానేదాకా నీరు రాళ్లలోకి దిగదు. నీళ్లలో ముంచిన స్పాంజిని గులకరాళ్ల మీద పెట్టి చూడండి, దాని అడుగు తడిగానే ఉంటుంది. అంటే రాళ్లు వేస్తే తడి తగ్గదు, ఆ తడి రెండంగుళాలు పైకి జరిగి వేళ్లకి దగ్గరవుతుంది. పైగా ఇక్కడ సంవత్సరాలుగా బురద దిగి రాళ్ల సందులు పూడుకుపోయాయి. పెన్సిలంత రంధ్రం ఒక్కటే, అదీ మూసుకుపోయింది.

వేళ్లు నల్లగా ఉన్నాయి. వేలితో పట్టి లాగితే పైతొక్క జారిపోయి లోపలి సన్నటి దారం చేతికి వచ్చింది. చచ్చిన వేరుకి అది ఖాయమైన గుర్తు. బతికున్న వేరు తెల్లగా గానీ లేత గోధుమరంగులో గానీ ఉండి, గోరుతో నొక్కితే గట్టిగా తగులుతుంది. అలాంటివి పైభాగంలో, కాండానికి ఒక పక్క మాత్రమే మిగిలాయి. వేళ్ల మీద దూదిలాంటి తెల్లటి మచ్చలు ఉన్నాయేమో వెతికాను, అంటే వేరు పిండినల్లి. లేదు. ఉండి ఉంటే పని ఇంకా పెరిగేది. మొత్తం మట్టి పారబోసి, వేళ్లు కడిగి, కుండీ కూడా వేడినీళ్లతో శుభ్రం చెయ్యాల్సి వచ్చేది.

కోత

కత్తెర, బ్లేడు రెండూ మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌తో తుడిచి, ప్రతి కోతకీ మళ్లీ తుడుస్తూ నల్లవేళ్లన్నీ తీసేశాను. కాండం లొత్తగా ఉన్న పక్క కొంచెం కొంచెంగా చెక్కుకుంటూ వెళ్లాను. కోసిన చోట గోధుమరంగు చుక్క కనిపించినంతసేపూ ఇంకొంచెం కొయ్యాలి. చుక్క ఒక్కటి వదిలినా అక్కడి నుంచి మళ్లీ మొదలవుతుంది. సుమారు అంగుళం మేర పోయాక శుభ్రమైన లేత ఆకుపచ్చ కండ వచ్చింది. సాఫ్ పొడి, అంటే కార్బెండజిమ్, మాంకోజెబ్ కలిసిన శిలీంద్రనాశని, కొంచెం నీళ్లతో ముద్ద చేసి కోతల మీద రాశాను. చేతికి గ్లోవ్స్ వేసుకుని రాయాలి. పసుపు రాయొచ్చా అని ఆవిడ అడిగారు. చిన్న కోతలకి రాసేవాళ్లు ఉన్నారు, తప్పులేదు. ఇంత పెద్ద గాయానికి, ఈ తేమలో, నేను దాని మీద భరోసా పెట్టుకోను.

తర్వాత కొమ్మలు. ఆవిడకి బాధ కలిగింది ఇక్కడే. మిగిలిన వేళ్లకి రెండడుగుల గుబురుని నిలబెట్టే శక్తి లేదు, బరువుకి మొక్క ఒరిగిపోతుంది కూడా. మూడోవంతు కొమ్మలు తీసేశాను. అవి పారెయ్యలేదు. బాగున్న వాటిని అరచేతి పొడవు ముక్కలు చేసి, కింది ఆకులు తీసి, న్యూస్‌పేపరు మీద పరిచి నీడలో ఉంచాం. తల్లిమొక్క పోయినా అదే మొక్క వేరే కుండీల్లో బతుకుతుంది అని చెబితే ఆవిడ కొంత కుదుటపడ్డారు. వాళ్లింట్లో పిల్లి ఉంది కాబట్టి ఆ ముక్కల్ని దానికి అందకుండా పెట్టమన్నాను. జేడ్ తింటే పిల్లులకి, కుక్కలకి వాంతులవుతాయి.

ఫిబ్రవరిలో అయితే ఇలాంటి గాయం రెండు రోజుల్లో ఆరిపోతుంది. ఇది శ్రావణం. మొక్కని ఖాళీ మట్టికుండీలో ఒరగబెట్టి, హాల్లో ఫ్యాను గాలి తగిలేలా, మట్టి లేకుండా వారం దాకా ఉంచాం. "వేళ్లు గాల్లో పెట్టి వారం రోజులా?" అని ఇంట్లో అందరికీ టెన్షన్. జేడ్ ఆకుల్లో ఉన్న నీళ్లతో అంతకంటే ఎక్కువే ఉండగలదు. కోత చోటు వేలితో తాకితే పొడిగా, గట్టిగా, తోలులా తగిలాకే మట్టిలో పెట్టాం.

మట్టి, కుండీ

ఆవిడ తెప్పించిన ఎర్రమట్టిని ఒక వంతు వాడాను. వర్మీకంపోస్టు ఒక వంతు. మిగతా మూడు వంతులు గరుకు. ఇటుక ముక్కలు కొట్టి జల్లెడ పట్టి, 3 నుంచి 6 మిల్లీమీటర్ల సైజువి సగం. మిగతా సగం రోబో శాండ్, అంటే రాళ్లు నలగ్గొట్టి తయారుచేసే ఇసుక. రోబో శాండ్‌లో రాతిపొడి చాలా ఉంటుంది, అది అలాగే కలిపితే మట్టి సిమెంటులా బిగుసుకుంటుంది. సన్న జల్లెడతో పొడి తీసేసి, రెండు మూడు నీళ్లు కడిగి, మిగిలిన గరుకు ఇసుక మాత్రమే తీసుకోవాలి. పెర్లైట్ అనే తెల్లటి తేలికపాటి గుళికలు దొరికితే తేలిక, కానీ డబ్బు ఖర్చు, గాలికి ఎగురుతుంది కూడా. ఇటుక ముక్కలు ఏ నిర్మాణం దగ్గరైనా ఊరికే దొరుకుతాయి, సిమెంటు అంటుకోనివి ఏరుకుంటే చాలు. బీచ్ ఇసుక తెచ్చుకుని వాడేవాళ్లు ఉన్నారు. ఉప్పు వల్ల కూడా ఇబ్బంది పడిన మొక్కకి అది అసలే వద్దు. కలిపిన మట్టిని తడిపి పిడికిట్లో నొక్కి వదిలితే ముద్ద కట్టకుండా రాలిపోవాలి.

కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొట్టు, వెయ్యలేదు. బాగానే ఉంటుంది కానీ ఒకసారి పూర్తిగా ఎండితే నీళ్లు త్వరగా పీల్చుకోదు, పక్కల నుంచి జారిపోతాయి. ఎండాకాలం ఇంట్లో ఎవరూ లేక నాలుగు వారాలు వదిలేసిన కుండీల్లో ఇది తరచూ జరుగుతుంది.

కుండీ 6 అంగుళాల మామూలు మట్టికుండీ, లోతు తక్కువది, అడుగున బొటనవేలంత రంధ్రం. మట్టికుండీ గోడలు కూడా నీరు పీల్చి బయటికి వదులుతాయి, పింగాణీ గ్లేజు వదలదు. రంధ్రం మీద దోమల జాలీ ముక్క ఒకటి, అంతే. రాళ్లు లేవు. "ఇంత పెద్ద కుండీ కొంటే మీరు బొమ్మ కుండీలో పెడుతున్నారేంటి?" అని ఆవిడ నవ్వారు. ఆ 14 అంగుళాల కుండీలో కరివేపాకు పెట్టాం. దానికి అది సరైన ఇల్లు.

మొక్కని పాత మట్టిగీత దాకానే పాతాం. కాండాన్ని ఇంకొంచెం లోపలికి పాతితే ఒరగకుండా నిలబడుతుందని అనిపిస్తుంది, కానీ మట్టిలో పడ్డ కాండం భాగం తడికి మెత్తబడుతుంది. నిలబెట్టటానికి రెండు వెదురు పుల్లలు, పాత చీర అంచు చింపిన గుడ్డతో వదులుగా ముడి. పైన పలచగా బేబీ చిప్స్, అంటే సన్నటి కంకర, పరిచాం. కాండం మొదలు దగ్గర తడి నిలవకుండా ఉంటుంది.

ఆ తర్వాత

మొదటి వారం నీళ్లు లేవు. ఎండ కూడా లేదు, వెలుతురు ఉన్న కిటికీ పక్కన ఉంచాం. రెండో వారంలో చుట్టూ అంచు వెంబడి అరగ్లాసు, ఆర్వో వృథా కాకుండా మామూలు నీళ్లు. తర్వాత చీపురుపుల్ల అడుగుదాకా పొడిగా వచ్చినప్పుడే, కింది రంధ్రం లోంచి కారేంత పోయమన్నాను. తేదీలు పెట్టుకుని పోయొద్దని గట్టిగా చెప్పాను. జూలైలో ఆరటానికి పట్టే సమయం వేరు, మార్చిలో వేరు. ఎరువు దసరా దాకా వద్దన్నాను.

మొదట్లో ఆకులు ఇంకా రాలాయి. ఆవిడ రోజూ ఫొటోలు పంపేవారు. కింది ముదురాకులు ముడతపడి ఒకటొకటిగా రాలితే నేను కంగారు పడను, మొక్క వాటి నీళ్లు వాడుకుంటోంది. ఆకు పసుపుగా, గాజులా పారదర్శకంగా, నీరు కారేలా మారితే అప్పుడు వెంటనే ఫోన్ చెయ్యమన్నాను. ఒక చిన్న కొమ్మ అలా అయింది, మొదలంటా తీసేశాం. మిగతావి ఆగాయి.

సెప్టెంబరు నెల మధ్యకి కొమ్మల చివర ఆకులు బిగుసుకున్నాయి. కాండాన్ని మెల్లగా ఊపితే కదల్లేదు, అంటే వేళ్లు పట్టు సంపాదించాయి. దసరా సెలవుల్లో చూసినప్పుడు చివర్ల నుంచి జంట జంటగా కొత్త చిగుళ్లు. అప్పుడు పుల్లల కట్టు విప్పేసి, వారం వారం కొంచెం కొంచెంగా ఉదయపు ఎండలోకి జరిపించాం. పేపరు మీద ఆరబెట్టిన ముక్కల్లో చాలావరకు వేళ్లు వేశాయి. ఆ చిన్న కుండీలు ఇప్పుడు ఆవిడ చుట్టాల ఇళ్లలో ఉన్నాయి.

తెల్లపొర మళ్లీ రాలేదు. కుళ్లుకి ప్రధాన కారణం తడి ఆరని బంకమట్టి, పూడుకుపోయిన రంధ్రం అని నా నిర్ణయం. ఆర్వో నీళ్లు ఒక్కటే అయితే మొక్క నీరసించేది కానీ ఇలా కుళ్లేది కాదు. ఒకవేళ ఆవిడ ఎప్పటికీ నీళ్లు తక్కువ పోసే మనిషి అయ్యుంటే ఆ కుండీలోనే ఇంకో రెండేళ్లు నెట్టుకొచ్చేది. అయినా ఆరేళ్లు ఎక్కువే. వేళ్లు నిండకపోయినా కుండీలో మట్టి పాతబడుతుంది. అందులోని ఎరువు కుళ్లి సన్నబడి గాలి ఆడే సందులు పోతాయి. అందుకే సక్యులెంట్లకి రెండు మూడేళ్లకోసారి కనీసం మట్టి అయినా మార్చమంటాను, అదే కుండీలో తిరిగి పెట్టినా సరే.

కలబంద సంగతి

ఆ జేడ్ పక్కనే ప్లాస్టిక్ కుండీలో కలబంద. చుట్టూ పిలకలు, కుండీ గోడలు బయటికి ఉబ్బి ఒక చోట చీలిక. నీళ్లు పోస్తే పైన నిలవకుండా గోడ వెంట జారి పళ్లెంలోకి వచ్చేస్తున్నాయి. అడుగు రంధ్రాల్లోంచి లావాటి వేళ్లు బయటికి. చోటు చాలకపోవటం అంటే ఇది. ఆవిడ దాని గురించి ఒక్కమాట కూడా అడగలేదు, ఎందుకంటే ఆకులు పచ్చగా దళసరిగా ఉన్నాయి.

దీన్ని జూలైలో మార్చలేదు. మొక్క ఆరోగ్యంగా ఉంది, ఇరుకు దాన్ని చంపదు. పిలకలు విడదీస్తే ఒక్కోదానికీ ఒక తెగిన చోటు ఉంటుంది, అన్నీ ఆ తేమలో ఆరాలి. అక్టోబరు మూడోవారంలో, వానలు తగ్గి పొడిగాలి మొదలయ్యాక చేశాం. కుండీ కోసేస్తే వేళ్లు కుండీ ఆకారంలోనే గట్టిగా చుట్టుకుని ఉన్నాయి. బయటి వేళ్లని చేతివేళ్లతోనే వదులు చేసి, ఎండిన ఆకులు లాగేసి, వేళ్లున్న పిలకలు మాత్రమే విడదీశాం. వేళ్లు లేని చిన్నవాటిని తల్లికే వదిలేశాం. విడదీసిన పిలకలు రెండు రోజులు నీడలో ఆరితే సరిపోయింది. తల్లిమొక్క 9 అంగుళాల నుంచి 11 అంగుళాల కుండీకి వెళ్లింది. కుండీ పెద్దదవ్వాల్సిన మొక్క ఈ బాల్కనీలో ఇదొక్కటే.

ఫిబ్రవరిలో ఇద్దరినీ మళ్లీ చూశాను. కలబంద కొత్త ఆకులు వేస్తోంది. జేడ్ 6 అంగుళాల కుండీలోనే ఉంది. అడుగు రంధ్రం దగ్గర తెల్లటి వేరుకొసలు రెండు కనిపిస్తున్నాయి, జాలీకి ఆనుకుని. ఆవిడ అప్పుడే పెద్దదాంట్లోకి మారుద్దామన్నారు. మట్టి బాగానే ఆరుతోంది, నీళ్లు పైనుంచి కిందికి సాఫీగా దిగుతున్నాయి, మొక్క నిటారుగా నిలబడి ఉంది. ఇంకో ఏడాది ఇందులోనే ఉంచి, వచ్చే ఫిబ్రవరిలో వేళ్లు కుండీ గోడ చుట్టూ అల్లుకున్నాయేమో చూశాక 7 అంగుళాల కుండీకి మారుద్దామని ఒప్పించాను.